కోరంగి దగ్గర ఒక నిమిషం

కాకినాడలో ఏడింటి బస్సు.
ఇరవై తొమ్మిదేళ్లుగా కిటికీ పక్క సీటు,
ఒళ్లో టిఫిన్ క్యారేజీ,
దాని మీద ప్రవాస సాహిత్యం.

"కోరంగి దిగేవాళ్లు!"
ఎండురొయ్యల బుట్టతో ఒకామె దిగుతుంది.
బస్సు ఒక నిమిషం ఆగుతుంది.

ఇక్కడే ఓడలెక్కారని
నా థీసిస్ మూడో అధ్యాయంలో రాశాను.
రంగూన్‌లో తెలుగువాడి పేరే కోరంగి అయిందనీ,
ఊరి పేరు తిట్టుగా మారడానికి
ఎంత ఉప్పునీరు దాటాలనీ
ఫుట్‌నోట్‌లో అడిగాను.
ఫుట్‌నోట్లో ప్రశ్నలుండకూడదమ్మా అని
గైడుగారు కొట్టేశారు.
అప్పటికి నేను కోరంగిలో దిగి చూడలేదు.

వంతెన లేని రోజుల్లో
యానాం రేవులో పంటెక్కి ఎదుర్లంకలో దిగేదాన్ని.
పంటు మీదే పేపర్లు దిద్దేదాన్ని.
ఒకసారి ఎర్రసిరా మీద గోదావరి చుక్క పడి
ఆరు ఎనిమిదిలా కనిపించింది.
ఎనిమిదే ఉంచేశాను.

బోర్డు మీద హైబ్రిడిటీ అని రాస్తే
"వరి విత్తనాల సంగతాండి?" అంది వెనక బెంచీ.
క్లాసంతా నవ్వింది, నేనూ నవ్వాను.
ఆ తర్వాత ఎంత గొప్ప పుస్తకం తెరిచినా
ఆ మాట దగ్గర
ఆకుమడి వాసనే వచ్చేది.

మూడు జాతీయ సదస్సులు,
ఒక అంతర్జాతీయం. అదీ ఏలూరులోనే.
పాస్‌పోర్టు లేదు.
ఫిజీ చెరుకుతోటలు నాకు పేజీ నంబర్లతో సహా తెలుసు.

ఒక గురువారం, ఎందుకో, దిగాను.
మడచెట్లు, బురద, టీకొట్టు.
పాత ఓడరేవు ఎటండీ అని అడిగాను.
"పోర్టాండి? కాకినాడలో ఉందండి,
ఇలా వచ్చేశారేంటి?"
టీ తాగి తర్వాతి బస్సెక్కాను.
ఆవేళ ఫస్టవరు పోయింది.

సువార్త మూడో సంవత్సరం.
మారిషస్ అయింది, నేటాల్ అయింది,
మంచు కురిసే ఊళ్లలో ఆవకాయ తలచుకునే
నవలలూ అయ్యాయి.
అప్పుడు లేచి నిలబడింది.
"మా అమ్మ ఈ పేపర్లో ఉందాండి?"
"మీ అమ్మా?"
"ఆయ్. కువైట్‌లోనండి. పదకొండేళ్లయింది.
ఖద్దామా అంటారండి అక్కడ."

సిలబస్ ఇటు తిప్పాను, అటు తిప్పాను.
అయిదు యూనిట్లు. సముద్రాలన్నీ ఉన్నాయి.

క్లాసయ్యాక ఫోను నా చెవి దగ్గర పెట్టింది.
నలభై సెకన్లు.
ఎవరి పిల్లో ఏడుపు, కుక్కరు కూత,
"ఫీజు కట్టావా? తలకి నూనె రాసుకుంటున్నావా?"
ఉన్నట్టుండి గొంతు తగ్గి,
"పిలుస్తున్నారు, ఉంటాను."

గడప దాటేటప్పుడు వస్తానంటాం.
ఫోను పెట్టేసేటప్పుడు ఉంటానంటాం.
ఇన్నేళ్లు పాఠం చెప్పి
ఈ రెండు క్రియల మీద ఒక్క వాక్యం రాయలేదు నేను.

రాసి పంపాను.
ఆధారాలు చూపమని తిప్పి పంపారు.
ఆధారం: సువార్త ఫోను,
ఎడమ మూల అద్దం పగిలింది,
ఛార్జింగు పదకొండు శాతం.

మార్చిలో నా ఆఖరి ఇంటర్నల్.
ప్రశ్నపత్రం నేనే తయారుచేశాను.
చివరి ప్రశ్న, పది మార్కులు:
"పిలుస్తున్నారు, ఉంటాను."
ఈ వాక్యంలో వెళ్లిపోయింది ఎవరు?

హాల్లో ఫ్యాను తిరుగుతోంది.
కిటికీ అవతల కాలవ గట్టు మీద
ఎవరో పడవకి తారు పూస్తున్నారు.
చాలామంది ఆ ప్రశ్న వదిలేశారు.

సువార్త చెయ్యెత్తి
మూడోసారి అడిషనల్ షీటు అడిగింది.